నల్ల ప్రవాహం, మూడో భాగం

డిసెంబరు 2, 1993
తొసా తీరం

చిగుసా వదినకి,

టోక్యోలో చలి ముదిరే ఉంటుంది. ఇక్కడ పెరట్లో యుజు నిమ్మకాయలు పసుపెక్కాయి. కోసేవాళ్ళు లేక చెట్టుకే ఉన్నాయి.

మొన్న మీరు ఫోన్ చేస్తే, మీ గొంతు విని పెట్టేశాను. కోపంతో కాదు వదినా. ఫోన్ మోగిన ప్రతిసారీ ఆయనే అనుకుంటా. గదిలోంచి ఫోన్ దగ్గరికి వెళ్ళేలోపు మీ తమ్ముడు బతికొచ్చేస్తారు. తీసి వినగానే మళ్ళీ పోతారు. రోజుకి ఎన్నిసార్లని ఓర్చుకోను? ఇక మీదట ఉత్తరం రాయండి. ఉత్తరమైతే కవరు చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది.

తీర రక్షక దళం వాళ్ళు వెతకడం ఆపేశారు. ఆయన పనిచేసే పడవ సుమియొషి మారు తూర చేపల కోసం హచిజో ద్వీపం వైపు వెళ్ళిందనీ, తుపానులో రేడియో మాట ఆగిపోయిందనీ తప్ప ఇంకేం చెప్పరు. కానీ పడవలో గాలి తెప్ప ఉంది. తెల్ల డబ్బాలో మడిచిపెట్టి ఉంటుంది, తాడు లాగితే విచ్చుకుంటుంది. డబ్బా దొరకలేదంటే తెప్ప విచ్చుకున్నట్టే కదా! దాన్నెక్కి సముద్రంలో పారే నల్ల ప్రవాహంలో ఎటో కొట్టుకుపోయి ఉంటారు, ఏ పరాయి దేశం ఓడో ఎక్కించుకుని ఉంటుంది. మామయ్య మాత్రం, "నీ తెప్ప ఈపాటికి హవాయి చేరి డాన్సులు చూస్తుంటుందిలే" అంటారు. కన్నతండ్రి అనాల్సిన మాటేనా అది?

మీ అమ్మ పెట్టినట్టే నేనూ రోజూ ఆయన గదిలో కిటికీ ముందు నీడభోజనం పెడుతున్నా. ఊళ్ళో లేని మనిషి వాటా. అన్నం, పులుసు, ఎండుచేప, ముల్లంగి ఊరగాయ, పక్కన పడుకోబెట్టిన తినే పుల్లలు. అన్నం గిన్నె మూత లోపల చెమ్మ బొట్లు నిలిస్తే మనిషి క్షేమం అంటారు కదా. రోజూ నిలుస్తున్నాయి. ఇంజన్ చూసే మనిషి భార్య ఫుమి కూడా పెడుతోంది. చేపల షెడ్డులో కలిసినప్పుడు "మీ ఇంట్లో?" అంటుంది, "చెమ్మే" అంటా. "మా ఇంట్లోనూ" అంటుంది. ఆ రెండు ముక్కలతో పొద్దు గడిచిపోతుంది.

యుజు కాయలు పార్సిల్ చేస్తాను.

సనయె


డిసెంబరు 11
టోక్యో

సనయెకి,

నీ యుజు కాయల వాసనతో గది నిండిపోయింది. వాటిని చూస్తూ పనేమీ చేయకుండా ఒక పూటంతా కూర్చున్నాను.

ఫోన్ చేయను. నువ్వు రాసింది చదివాక నా చేతికే ఫోన్ అంటే భయం పట్టుకుంది.

ఒక సంగతి నీకు చెప్పలేదు. చెప్పాలో వద్దో తేల్చుకోలేక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. పోయిన వసంతంలో ఇక్కడి ఆర్కెస్ట్రా ఒకటి సముద్రం మీద ఒక రచన చేయమని నన్నడిగింది. "నల్ల ప్రవాహం" అని పేరు పెట్టుకున్నాను. మొదటి భాగం మంద్రంగా మోగే తీగవాద్యాలు, సెల్లోలూ డబుల్ బేసులూ: అడుగున కదిలే నీరు. రెండో భాగంలో షకుహచి ఒక్కటే. ఒక్క వెదురు వేణువు ఒక స్వరాన్ని పట్టుకుని, ఊపిరి అయిపోయేదాకా వదలకుండా ఎదురుచూస్తూ ఉంటుంది. ఈ రెండూ పడవ మునగకముందే రాశాను. మూడోది మిగిలింది. ఇప్పుడు కలం పట్టుకుంటే, తమ్ముడు ఆ నీళ్ళలో ఉండగా నేనీ నీళ్ళతో ఏం చేస్తున్నాను అనిపిస్తుంది. మానేస్తే వాడికి ద్రోహమో, రాస్తే ద్రోహమో తెలియడం లేదు. పియానో మీద కింది స్వరాలు నొక్కితే కింది వాటాలో ముసలాయన చీపురు కర్రతో పైకప్పు కొడతాడు. ఈ మధ్య ఆయన కొట్టేంత సేపు కూడా వాయించడం లేదు.

జనవరిలో ఒకరోజు వస్తాను. నాన్న మాటలు పట్టించుకోకు. ఆయన నోరంతే.

చిగుసా


జనవరి 19, 1994

చిగుసా వదినకి,

నా ఖర్మ కాకపోతే మీరొచ్చిన రోజే నన్ను రక్షక దళం వాళ్ళు కోచి పట్నానికి పిలవాలా! ఏదో ఓడ శకలం ఫొటోలు చూపించారు. మనది కాదు. సంతోషంగా ఇంటికొస్తే మీరు మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయారట. "వచ్చింది, ఆ గదిలోకి వెళ్ళింది, ఏడ్చింది, పోయింది. టీ కూడా తాగలేదు. పట్నం వాళ్ళకి మన నీళ్ళు పడవు" అన్నారు మామయ్య. ఒక్క పూట ఆగకూడదా? మీతో కలిసి కూర్చుని ఆయన గురించి మాట్లాడదామని ఎంత అనుకున్నాను. ఇక్కడ నేను ఆయన పేరెత్తితే చాలు, జనం నేల చూపులు చూస్తారు.

సనయె


జనవరి 27

సనయెకి,

ఆగలేకపోయాను. ఆ గదిలోకి వెళ్ళాను. కిటికీ ముందు పళ్ళెం చూశాను, పుల్లలు చూశాను. నీకు ఎంత కష్టమై ఉంటుందో అర్థమైంది. దాని గురించి నువ్వు ఉత్తరంలో ఒక్క మాట రాయలేదు కాబట్టి నేనూ ఏమీ అడగను. చేతులు జోడించి దండం పెట్టుకుని వచ్చేశాను. బస్సులో మొదటిసారి హాయిగా ఏడ్చాను. నేను చేయలేని పని నువ్వు చేశావు. నీకన్నా వయసులో పెద్దదాన్నని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

ఇప్పుడు మూడో భాగం రాయగలను. నిజానికి రైల్లోనే మొదలుపెట్టాను.

చిగుసా


ఫిబ్రవరి 5

వదినా,

మీ ఉత్తరం షెడ్డులో చేపలు కోస్తూ చదివాను. కాగితానికి పొలుసులంటుకున్నాయి, క్షమించండి. మెట్టిన ఇల్లూ, పుట్టిన ఊరూ నన్ను పిచ్చిదానిలా చూస్తుంటే మీరు ఒక్కరు నా పళ్ళేనికి దండం పెట్టారు. ఫుమికి కూడా చదివి వినిపించాను. "టోక్యోలో ఉన్నా మన మనిషే" అంది.

మూడో భాగం రాయండి. ఆయన తిరిగొచ్చే పాట రాయండి. సంగీతం నాకేం తెలుసు, కానీ రెండో దాంట్లో ఎదురుచూపు అన్నారు కదా. ఎదురుచూపు తరవాత వచ్చేది రావడమే కదా!

సనయె


ఫిబ్రవరి 14

సనయెకి,

పూర్తయింది. నువ్వు చెప్పినట్టు, తిరిగి రావడమే రాశాను. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు రోజుల్లో పోయినవాళ్ళు ఇంటికొచ్చి వెళ్ళే దారి ఉంటుందే, అలా. తీగవాద్యాలు ఒక్కొక్కటే ఆగిపోతూ చివరికి ఒక్క బేసు మిగులుతుంది, పోయినవాళ్ళకి కొట్టే గంట ఒకసారి మోగుతుంది. ఇది బాగుందో లేదో నాకు తెలియదు. అబద్ధం మాత్రం కాదు.

మార్చి 13 ఆదివారం మధ్యాహ్నం కచేరీ. రేడియోలో కూడా వస్తుంది. కరపత్రం జతచేస్తున్నాను. నాన్నకీ చూపించు.

చిగుసా


ఫిబ్రవరి 20

ఇసకి చిగుసా గారికి,

మీ కరపత్రం అందింది. నాకంటే ముందే ఊరికి అందింది. చేపల సహకార సంఘం గుమాస్తా భార్య కచేరీ ప్రకటన పట్నం పేపర్లో చూసి కత్తిరించి తెచ్చింది. "చూశావా సనయె, మీ ఆయన పేరు పేపర్లో పడింది" అని నవ్వుతూ చేతిలో పెట్టింది. చదివిన నా మొహం చూసి దాని నవ్వు ఎటో పోయింది.

"స్వర్గీయ ఇసకి యోహె స్మృతికి."

పేరుకి ముందు ఆ ఒక్క మాట ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని? రక్షక దళం పెట్టలేదు. సంఘం పెట్టలేదు. ఆయన పోయినట్టు ఒప్పుకునే కాగితం నా ముందుంచి పడవ యజమాని సంతకం చెయ్యమని బతిమాలుతున్నా నేను పెట్టనివ్వలేదు. తోడబుట్టినదానివి నువ్వు అచ్చేయించావు! నా మొగుణ్ణి సముద్రం చంపలేదు. టోక్యోలో ఎవరో అచ్చు యంత్రం మీద చంపారు.

ఫుమి నిన్నటి నుంచి పళ్ళెం పెట్టడం మానేసింది. "సొంత అక్కే ఒప్పుకున్నాక ఇంకేం ఉంది సనయె" అంది. ఇవాళ షెడ్డులో నన్నేమీ అడగలేదు. కత్తి కిందపెట్టి, వెళ్ళి సంతకం చేసేసింది. మిగిలినవాళ్ళూ చేశారు. నేనొక్కదాన్నే మిగిలాను. విషువత్తు తరవాత అందరికీ కలిపి కర్మ చేస్తారట.

మీరు నా పళ్ళేనికి దండం పెట్టలేదు. నా మొహాన మట్టి కొట్టారు.

ఇసకి సనయె


ఫిబ్రవరి 24

సనయె, దయచేసి ఇది చివరిదాకా చదువు.

నీ ఉత్తరం నాలుగుసార్లో ఐదుసార్లో చదివాను. చదివిన ప్రతిసారీ నాదే తప్పనిపించింది, కానీ ఆ తప్పు ఎక్కడ జరిగిందో మాత్రం అర్థం కాలేదు. నేను చూసింది రాస్తాను. నువ్వే చెప్పు.

జనవరిలో కిటికీ ముందు పళ్ళెం ఉంది. అన్నం గిన్నెకి మూత లేదు. పుల్లలు పక్కన పడుకోబెట్టి లేవు. అన్నం మధ్యలో నిలువుగా గుచ్చి ఉన్నాయి. అమ్మ పోయిన రోజు తలాపున పెట్టిన అన్నంలో గుచ్చినట్టు. మన ఊళ్ళో పుట్టినవాళ్ళెవరైనా ఆ పుల్లలు చూసి ఇంకేమనుకుంటారు? పడుకున్న పుల్లలు ప్రయాణంలో ఉన్నవాడివి, నిలబడ్డ పుల్లలు పోయినవాడివి. నువ్వే, నీ చేత్తోనే, వాణ్ణి సాగనంపావనుకున్నాను. మాటల్లో చెప్పలేక పుల్లలతో చెప్పావనుకున్నాను. అందుకే అడగలేదు. అడిగి ఉంటే! నీ గాయం కెలకకూడదనుకున్న నా మర్యాదే ఇంత పని చేసింది.

ఆ మాట నేనే రాసి ఇచ్చాను. కరపత్రాలు వెళ్ళిపోయాయి. ఏం చేయమంటావో చెప్పు. చేస్తాను.

చిగుసా


మార్చి 2

వదినా,

నేను గుచ్చలేదు. నా చేతులు నరికినా గుచ్చను.

మీ ఉత్తరం పట్టుకుని మామయ్య దగ్గరికి వెళ్ళాను. పొయ్యి ముందు కూర్చుని వల కుడుతున్నారు.

"అన్నంలో పుల్లలు నిలబెట్టింది మీరేనా?"

"నేనే." తలెత్తలేదు. "నా కొడుకు, నా ఇల్లు, నా పుల్లలు."

"ఆయన బతికున్నారు."

"బతికుంటే మరీ మంచిది. వాడే వచ్చి, ఎవడ్రా నా అన్నం పాడుచేసిందని పీకి పారేస్తాడు."

"నేను లేని రోజు చూసి చేశారు!"

"నువ్వుంటే చెయ్యనిస్తావా? రోజూ మూతెత్తి చూసుకుని నవ్వుకుంటావు. ఆ చెమ్మ వాడి ఊపిరి కాదే తల్లీ, వేడన్నం ఆవిరి. రాయిని పెట్టి మూతేసినా చెమ్మ పడుతుంది, అన్నం వేడిగా ఉంటే చాలు."

నేను అరిచాను. ఏమేం అన్నానో మీకు రాయలేను. నన్ను అరవనిచ్చి, అప్పుడన్నారు: "యాభై ఏళ్ళు ఆ నీళ్ళలో తిరిగినోణ్ణి. ఆ గాలి మోగిన పూటే నాకు తెలుసు. నీ కోసం నోరు మూసుకున్నా, ఎకసెక్కాలాడా. ఒక్క పూట, ఒకే ఒక్క పూట, నా కొడుకు పోయాడని నేను ఏడవకూడదా? నువ్వొచ్చేలోపు తీసేశాను కదా. ఆ రోజే చిగుసా వస్తుందని నాకేం తెలుసు?"

ఆ రోజు నుంచి ఆయన వలల కొట్టంలోనే పడుకుంటున్నారు. అన్నం తీసుకెళ్తే గుమ్మంలో పెట్టిపొమ్మంటారు. ఇప్పుడు నేను రెండు పళ్ళేలు పెడుతున్నాను వదినా, రెండూ తినని మనుషులకే.

మిమ్మల్ని ఇంక తిట్టను. తిట్టే ఓపిక లేదు. ఒక్కటే అడుగుతున్నా. అచ్చయిన మాట చెరపలేరు, తెలుసు. కానీ ఆ మూడో భాగం వాయించొద్దు. పేపరు చదివేది కొందరే, రేడియో ఊరంతా వింటుంది. గంట మోగిందంటే ఇక నేనొక్కదాన్ని అడ్డం పడి లాభం లేదు. ఆయన ఇంకా ఎక్కడో ఉన్నారనేది నేనొక్కదాన్నే పట్టుకుని ఉన్నాను. నా చేతిలోంచి లాగకండి.

సనయె


మార్చి 11
ఎక్స్‌ప్రెస్ డెలివరీ

వదినా,

పోయిన వారం రాసింది మర్చిపోండి.

బుధవారం హచిజో దగ్గర వేరే ఊరి వలలో సుమియొషి మారు పై గది చెక్కలు పడ్డాయి. చెక్కలకి కట్టి తెల్ల డబ్బా ఉంది. సీలు వేసినట్టే ఉంది. తాడు లాగలేదు. తెప్ప లోపల మడత మడతగా అలాగే ఉంది. రేవులో నా కళ్ళ ముందే విప్పారు. కొత్తదానిలా ఉంది. ఎవరూ దాన్ని ఎక్కలేదు. ఎక్కే వ్యవధి కూడా లేదన్నమాట.

సంఘం ఆఫీసులో ఫోన్ ముందు నిలబడ్డాను. మీ నంబరు సగం తిప్పాను. నోటితో చెప్పడం చేతకాలేదు. అందుకే రాస్తున్నా.

సంతకం చేశాను.

మూడో భాగం వాయించండి. ఆదివారం సంఘం హాల్లో రేడియో పెట్టుకుని అందరం కూర్చుంటాం. ఫుమీ, మిగిలిన ఆడవాళ్ళూ. ఇప్పటిదాకా మేమెవరం కలిసి ఏడవలేదు. నేను ఏడవనివ్వలేదు. ఎప్పుడు ఏడవాలో, ఎంతసేపో, ఎక్కడ ఆపాలో మాకు తెలియడం లేదు. మీ గంట మోగితే తెలుస్తుంది.

మామయ్యని కూడా పిలిచాను. వస్తానన్నారు.

సనయె


మార్చి 13, సాయంత్రం
టోక్యో

సనయెకి,

కచేరీ హాలు పక్క సత్రంలో కూర్చుని రాస్తున్నాను. రిహార్సళ్ళ కోసం గురువారం నుంచి ఇక్కడే ఉన్నాను. ఇంటికి రాత్రికి వెళ్తాను. ముందు నీకు చెప్పాలని ఆగాను.

మాట నిలబెట్టుకున్నాను. మూడో భాగం వాయించలేదు.

నిర్వాహకులు పిచ్చెక్కిందా అన్నారు. ఆర్కెస్ట్రాని నడిపే కండక్టరు ముసలాయన మాత్రం నీ సంగతి వినేంతవరకే వాదించి, "అయితే రెండో భాగం దగ్గరే ఆపుదాం" అన్నాడు. షకుహచి ఆఖరి స్వరాన్ని ఊపిరి అయిపోయేదాకా పట్టుకుంది. తరవాత ఎవరూ వాద్యం దించలేదు. కమానులు గాల్లోనే ఉన్నాయి. జనం ఇంకేదో వస్తుందని చూశారు. రాలేదు. ఎక్కడో ఒకరి చప్పట్లు మొదలై, సంకోచంగా, మిగతావి కలిశాయి. విమర్శకులు రేపు అసంపూర్ణం అని రాస్తారు. రాయనీ.

జీవితంలో మొదటిసారి, ఒక పని సరిగ్గా చేశానా అని నన్ను నేను అడగడం లేదు. తమ్ముడు ఇంకా నీళ్ళ మీదే ఉన్నాడు సనయె. ఎవరూ గంట కొట్టలేదు.

చిగుసా


మార్చి 14

వదినా,

నా ఎక్స్‌ప్రెస్ ఉత్తరం మీకు చేరలేదని నిన్న మధ్యాహ్నమే తెలిసింది. మీరు ఎక్కడ ఉన్నారో, అది ఏ పెట్టెలో పడి ఉందో!

హాలు నిండింది. చిన్న కుర్చీలు చాలక చేపల పెట్టెలు బోర్లించుకుని కూర్చున్నారు. ఫుమి నల్ల బట్టలేసుకొచ్చింది. మామయ్య గడ్డం గీసుకుని వచ్చి గోడకానుకున్నారు. మొదటిది విన్నాం. "ఇది నీరే" అన్నారు మామయ్య, అంతే. రెండోది వచ్చింది. వేణువు ఊదుతూనే ఉంది, ఊదుతూనే ఉంది. ఆడవాళ్ళందరూ చేతిగుడ్డలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. మూడోదానికి.

ఆగిపోయింది. రేడియో పాడైందనుకుని గుమాస్తా దాన్ని తట్టాడు. చప్పట్లు వినబడ్డాయి. అనౌన్సరు వేరే ఎవరి పేరో చెప్పాడు.

"అయిపోయిందా?" అంది ఫుమి నన్ను చూసి.

"తెలీదు" అన్నాను.

ఎవరూ లేవలేదు. ఏడవడానికని వచ్చిన మనుషుల్ని ఏడవకుండా ఇంటికెలా పంపాలి? గుమాస్తా, ఏం చేయాలో తోచక, ఆ వేళకి రోజూ పెట్టే సముద్ర వాతావరణ వార్తలు పెట్టాడు. ఎవరూ వద్దనలేదు. ఇషిగకి ద్వీపం, ఈశాన్యపు గాలి. నహా, మేఘాలు. ఆ గొంతు ఒక్కో ఊరే చెప్పుకుంటూ వచ్చింది. హచిజో ద్వీపం, నైరుతి గాలి, బలం మూడు, నిర్మలం అన్నాడు.

నిర్మలం అనగానే ఫుమి అరిచింది. తరవాత అందరం. మామయ్య గోడకేసి తిరిగిపోయారు. ఆ గొంతు మాత్రం ఉత్తరానికి వెళ్ళిపోతూనే ఉంది.

నేను అడిగిందే మీరు చేశారు. మిమ్మల్నేం అనను. ఇంకోసారి వాయిస్తారా అని గుమాస్తాని అడిగితే, కొత్తవాటిని రెండోసారి వాయించరట కదా, అన్నాడు.

కర్మ ఇరవై ఏడున. పూడ్చడానికి ఎముకల్లేవు కాబట్టి ఎముకల పెట్టెల్లో ఒక్కొక్కరూ ఏదో ఒకటి పెడుతున్నారు. ఫుమి వాళ్ళాయన బోల్టులు బిగించే పానా పెడుతోంది. నేను ఆయన చొక్కాలు ఇవ్వను. వాసన ఇంకా ఉంది. మీరు రాసిన ఆ మూడో భాగం కాగితాలు పట్టుకు రండి. ఆయన పెట్టెలో పెడతాను. చదవడం నాకు రాదు, ఆయనకీ రాదు. కానీ అవి ఆయన గురించి రాసినవి, ఇంకెవరూ విననివి. నకలు వద్దు. మీ చేత్తో రాసినవే కావాలి.

సనయె


మార్చి 18

సనయె,

నీ రెండు ఉత్తరాలూ నా ముందున్నాయి. మార్చి పదకొండునాటిది నేను ఇంటికొచ్చేదాకా నా పెట్టెలోనే పడి ఉంది.

వాద్యకారుల దగ్గరున్న కాగితాలన్నీ వెనక్కి తెప్పించాను. నా రాతప్రతి కూడా కలిపి గుడ్డలో కట్టాను. లైబ్రేరియన్, "ఒక్క ఫొటోకాపీ అయినా ఉంచుకోండి" అని మెషీను దగ్గరికి తీసుకెళ్ళాడు. మూత ఎత్తి, మొదటి పేజీ అద్దం మీద పెట్టి చాలాసేపు నిలబడ్డాను. తీసేశాను. బయటికొచ్చాక మళ్ళీ లోపలికెళ్ళాను. మళ్ళీ వచ్చేశాను.

ఇప్పటికైతే నకలు లేదు. రైలెక్కేదాకా నా మీద నాకు నమ్మకం లేదు, అందుకే ఇవాళే బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం కన్నా నేనే ముందు చేరవచ్చు.

నాన్నకి చెప్పు, మూడో భాగంలో ఆ గంట ఎక్కడ మోగాలో కాగితం లేకుండా నోటితోనే ఆయనకి చెబుతానని.

చిగుసా